చెడినను పని మానని యంత్రములు – వాని పరిభాష

శ్రీహరికోటనుండి రాకెట్టు లేచు దినమున మేడలపై కెక్కి దక్షిణపు దిక్కునకు చూచుచు నిలుచుట నెల్లూరివారికి అలవాటు. ఆ ద్వీపము చిరకాలము మన జిల్లాలోనిదే. 2022వ సంవత్సరమున జిల్లాల పునర్విభజనము జరిగినపుడు అది తిరుపతి జిల్లాలో చేరినది గాని, మనము మేడ లెక్కుట మానలేదు. 2023వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీ ఉదయమున గగనయాన ప్రయత్నములో భాగముగ నొక చిన్న రాకెట్టు అచ్చటనుండి ఎగురవలసియుండెను. వ్యోమగాములు కూర్చుండు గదిని ఆపత్సమయమున రాకెట్టునుండి విడదీసి సముద్రములో సురక్షితముగ దింపు సాధనమును పరీక్షించుటకై ఏర్పఱచిన ప్రయోగమది. ఎనిమిది గంటలకని మొదట నిర్ణయించిరి. వాతావరణము అనుకూలింపక కాలము కొంత జరిగినది. తుదకు లెక్క దిగుచు దిగుచు అయిదు సెకండ్లకు వచ్చినపుడు కంప్యూటరు తనంతట తానే ప్రయోగమును నిలిపివైచెను. ఎవ్వరును మీట నొక్కలేదు. కారణమును కనిపెట్టి సరిచేసి పది గంటలకు మరల ప్రయోగింపగా అంతయు సవ్యముగ జరిగినది.

తరువాత తరగతిలో ఒక బాలుడు లేచి, “అయ్యా, ఆ కంప్యూటరు చెడిపోయినందున ఆగినదా, చెడిపోనందున ఆగినదా?” అని నన్నడిగెను. తరగతి యంతయు నవ్వినది. నేను నవ్వలేదు. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పవలయునన్న మొదట కొన్ని మాటలను ఒకదానినుండి యొకటి వేఱుచేసికొనవలసియున్నది. అందుకొఱకే యీ వ్యాసము.

లోపము, తప్పు, వైఫల్యము అను మూడు మాటలను మనము నిత్యవ్యవహారమున కలగాపులగముగ వాడుచుందుము. యంత్రశాస్త్రజ్ఞులు వీనిని మూడు మెట్లుగ నెంచుదురు. ఒక ఉదాహరణము చెప్పెదను. కంప్యూటరు సంఖ్యలన్నిటిని సున్నలు, ఒకట్లుగ వ్రాసికొనునని పైతరగతుల విద్యార్థు లెఱుగుదురు. ఒక బాలికకు గణితమున 68 మార్కులు వచ్చినవనుకొందము. 68 అనగా 64ను 4ను కలిపిన మొత్తము. కంప్యూటరు దానిని 1000100 అని వ్రాసికొనును. ఆకాశమునుండి వచ్చు సూక్ష్మకణమొకటి జ్ఞాపకపు చిప్పులో తగిలి ఎడమప్రక్క చివరనున్న ఒకటిని సున్నగా మార్చినదనుకొనుడు. ఇది కల్పనము కాదు, అప్పుడప్పుడు నిజముగ జరుగునదే. ఇపుడు అచ్చట మిగిలినది 4. చిప్పులోని యొక గడి తన స్థితి తప్పుట లోపము. జ్ఞాపకములో 68కి బదులు 4 ఉండుట తప్పు. ఆ బాలిక చేతికి 4 మార్కుల పత్రము వచ్చుట వైఫల్యము. మొదటిది యంత్రమునకు మాత్రమే తెలియును. మూడవది ఇంటిల్లిపాదికిని తెలియును.

లోపము తప్పుగా పెరుగకుండ, తప్పు వైఫల్యముగా బయటికి రాకుండ నడుమ అడ్డుకట్టలు వేయుటకు ఫాల్ట్ టాలరెన్సు అని పేరు. దీనిని లోపసహనమని తెలిగింపవచ్చును. సహనమనగా లోపమును చూచియు చూడనట్లుండుట కాదు. ఈ భేదము ముందు ముందు మనకు చాల అవసరమగును.

పై ఉదాహరణములోని తప్పును పట్టుకొను మొదటి యుపాయము మిక్కిలి సులభము. 1000100లో ఒకట్లు రెండు, అనగా సరిసంఖ్య. ప్రతి సంఖ్యతో పాటు అందలి ఒకట్ల మొత్తమును సరిసంఖ్యగ నుంచుటకు తగిన యొక చిన్న గుఱుతును గూడ వ్రాసియుంచినచో, ఒక గడి మాఱగానే లెక్క బేసియై దొంగ దొరకును. దీనిని పారిటీ యందురు. అయితే దొంగ వచ్చినాడని తెలియునే గాని, ఏ యింట దాగినాడో తెలియదు. బెల్ ప్రయోగశాలలో పనిచేయుచుండిన రిచర్డు హామింగు అను గణితజ్ఞుడు దీనితో విసిగెను. వారాంతమున యంత్రమునకు పని నప్పగించి పోవుటయు, అది తప్పు కనుగొని పని వదలివేయుటయు, సోమవారము వచ్చి చూచుకొని వగచుటయు ఆయనకు అలవాటయ్యెను. తప్పున్నదని తెలిసికొనగల యంత్రము, ఆ తప్పెచ్చట నున్నదో తెలిసికొని తానే ఏల దిద్దుకొనరాదని ఆయన వేసికొన్న ప్రశ్న. దానికి కనుగొన్న సమాధానమును 1950వ సంవత్సరమున ప్రకటించెను. నేటి సర్వరులలో అఱువదినాలుగు గడులకు ఎనిమిది గడులు అదనముగ చేర్చి, ఒక తప్పును దిద్దుటకును రెండు తప్పులను పసికట్టుటకును వీలు కల్పించుచున్నారు. ఇండ్లలోని సాధారణ కంప్యూటరులలో పెక్కింటికి ఈ భాగ్యము లేదు.

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. లోపము కనబడినపుడు యంత్రము చేయదగిన పనులు రెండు: ఆగుట, లేదా ఆగక సాగుట. రైలుదారిలో పూర్వకాలపు చేతికంబములను ఎఱుగుదురు గదా. ఆ చేతిని దింపు తీగ తెగినచో, బరువు లాగుటచేత చేయి తనంతట తాను అడ్డముగ నిలిచి ‘ఆగు’మని చూపును. తీగ తెగినందున బండి ఆలస్యమగును గాని, ప్రమాదము జరుగదు. ఇట్లు చెడినను క్షేమమైన వైపునకే చెడునట్లు అమర్చుటను ఫెయిల్ సేఫ్ అందురు, క్షేమపతనమని చెప్పుకొందము. నేలపై నిలిచియున్న రాకెట్టునకు ఆగుటయే క్షేమము. అయిదు సెకండ్లే మిగిలియున్నను, ఒక్క సెకండే మిగిలియున్నను న్యాయమదియే. కావున ఓ బాలుడా, కంప్యూటరు తాను చెడిపోనందుననే ఆగినది. తాను చూచుచుండిన కొలతలలో ఒకటి ఉండవలసినట్లు లేకపోవుటను అది గమనించినది.

కాని నేల విడిచిన మఱుక్షణమున న్యాయము తలక్రిందులగును. ఆకాశమార్గమున నడిమధ్య నాగుటకు వేదిక లేదు. అచ్చట లోపమును సహించి సాగుట తప్ప వేఱు గతి లేదు. అందుచేతనే పీఎస్ఎల్వీ రాకెట్టు తానున్న చోటును, పోవుచున్న దిక్కును తెలిసికొనుటకు వాడు పరికరములను ఒకటి చెడినను పని సాగునట్లు అదనపు భాగములతో నిర్మించినారు. ఒకే దినమున, ఒకే ప్రయోగమున, ఆగవలసిన యంత్రము నేలపైనను ఆగరాని యంత్రము ఆకాశమునను ఉండుట వింతయే.

ఆసుపత్రి జాబితాలు, బ్యాంకు లెక్కలు, రైలు రిజర్వేషనులు మొదలగువానిని భద్రపఱచి, అడిగినవారికెల్ల అందించు పెద్ద కంప్యూటరులకు సర్వరులని పేరు. ఇవి రెండవ తెగవి. అర్ధరాత్రము రోగి వచ్చినపుడు, “యంత్రము క్షేమముగ ఆగియున్నది, రేపు రండు” అని చెప్పుట ఎవరికి క్షేమము? ఇట్టివాని కొఱకే 1974వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున టాండెం అను సంస్థ యొకటి వెలసి, రెండేండ్లకు నాన్‌స్టాప్ అను పేరుతో, అనగా ‘ఆగనిది’ అను పేరుతో, కంప్యూటరును అమ్మజొచ్చినది. దాని నిర్మాణమున ప్రతిదానికిని ఒక తోడు కలదు. లోపసహనమున మొట్టమొదటి మాట ఈ తోడే. ఆంగ్లమున రెడండెన్సీ యందురు. ఆ మాటకు ‘అక్కఱకు మించినది’ అను అర్థము కూడ నుండుటచేత, డబ్బు లెక్క చూచువారు దానిని దుబారాగ భావించుట కలదు. ‘తోడు’ అను మన మాటకు ఆ యపకీర్తి లేదు.

కపిల తోలిన రైతులకు ఈ సంగతి క్రొత్తది కాదు. నడివేసవిలో నారుమడికి నీరు పెట్టుచుండగ మోకు తెగినచో సంతకు పోయి క్రొత్తది తెచ్చులోపల నారు మాడిపోవును. అందుచేత ఎఱుకగల రైతు ఇంటి దూలమునకు మఱియొక మోకు చుట్టి వ్రేలాడగట్టి యుంచుకొనువాడు. ఇది చల్లని తోడు. పని ఆగును గాని గడియలో మరల మొదలగును. మఱియొక విధము వేడి తోడు. రెండవ యంత్రము మొదటిదానితో పాటు అన్నియు వినుచు, అన్నియు వ్రాసికొనుచు, పిలువనంపగానే పని నందుకొనుటకు సిద్ధముగ నుండును. శ్రీహరికోటలోనే 2005వ సంవత్సరము మే నెల మొదలు రెండవ ప్రయోగవేదిక పనిచేయుచున్నది. అది మొదటి వేదికకు తోడని చెప్పదగును.

మంచి సర్వరులో విద్యుత్తు నందించు పెట్టెలు రెండుండును. ఒకటి మాడిపోయినను రెండవది భారమంతయు మోయును. కాని ఆ రెండు తీగలను తెచ్చి ఒకే బోర్డునకు తగిలించినవారిని నేను కన్నులార చూచితిని. బోర్డులోని ఫ్యూజు పోయినచో రెండును కలిసియే పోవును. కావున ఒక తీగ బ్యాటరీల యూపీఎస్‌నకును, రెండవది వేఱొక మార్గమునకును పోవలయును. చెడిన పెట్టెను యంత్రము నడుచుచుండగనే ఊడదీసి క్రొత్తది చొప్పించుటను హాట్ స్వాప్ అందురు. మండుచున్న పొయ్యిని ఆర్పకయే, పొగయు కట్టెను లాగి ఎండుకట్టెను పెట్టు మన తల్లులకు ఈ విద్యను ఎవ్వరును నేర్పనక్కఱలేదు.

తోడున్నది సరే, తన వంతు వచ్చినదని దానికి తెలియుటెట్లు? రెండు యంత్రములును సెకండునకొక పర్యాయమో, అంతకంటె తఱచుగనో “ఉన్నాను, ఉన్నాను” అని ఒకదానికొకటి సందేశము పంపుకొనుచుండును. దీనికి హార్ట్‌బీట్, అనగా గుండెచప్పుడు, అని పేరు. కొన్ని చప్పుళ్లు వరుసగ వినబడనిచో రెండవ యంత్రము మొదటిది పోయినదని నిశ్చయించి పని నందుకొనును. ఈ అందుకొనుటయే ఫెయిలోవర్. ఇచ్చటనే యొక చిక్కు కలదు. మొదటి యంత్రము బాగుగనే యుండి, నడుమనున్న తీగ మాత్రము తెగినచో నేమగును? ప్రతిదియు రెండవది చచ్చినదని తలచి, తానే యజమానినని కూర్చుండును. ఒకే ఖాతాలో రెండు చేతులు రెండు విధములుగ వ్రాయజొచ్చును. చచ్చిన యంత్రముకంటె ఇట్టి రెండు బ్రదికిన యంత్రములు ఎక్కువ హాని చేయును. పరిభాషలో దీనిని స్ప్లిట్ బ్రెయిన్ అందురు. రెండు తలల రోగమనుట మనకు సులభముగ నుండును. మూడవవాని నొకని కూర్చుండబెట్టుటయే దీనికి మందు. మూవురిలో ఇద్దఱు ఎచ్చట నున్నారో అచ్చటనే అధికారము.

ఈ ఓటు పద్ధతి పాతది. ప్రసిద్ధ గణితజ్ఞుడు జాన్ ఫాన్ నాయ్‌మన్ నమ్మదగని భాగములతో నమ్మదగిన యంత్రమును కట్టుటెట్లని విచారించి 1956వ సంవత్సరమున ప్రకటించిన వ్యాసములో ఈ మార్గమును గణితముతో నిరూపించెను. మూడు యంత్రములకు ఒకే లెక్క నిచ్చి ఇద్దఱు చెప్పినదే నిజమనుకొనవలయును. అమెరికావారి స్పేస్ షటిల్‌లో నాలుగు కంప్యూటరులు ఒకే ప్రోగ్రామును నడుపుచు ఒకదానినొకటి సరిచూచుకొనుచుండెడివి. అయిదవ కంప్యూటరుకు మాత్రము వేఱొక బృందము వేఱుగ వ్రాసిన ప్రోగ్రాము నుంచిరి. నాలుగు చాలవా, అయిదవది వేఱుగ నుండుట ఏల యని మీరడుగవచ్చును. ఆ ప్రశ్నలోనే ఈ శాస్త్రమందలి గొప్ప ప్రమాదము దాగియున్నది.

లెక్క చూడుడు. ఒక పరికరము నూఱు దినములలో ఒక దినము చెడియుండుననుకొందము. రెండు పరికరము లున్నచో రెండును ఒకేదినమున చెడియుండుట పదివేల దినములలో ఒక దినము. అనగా ఇంచుమించుగ ఇరువదియేడేండ్ల కొకమాఱు. ఈ లెక్కను చూపియే అమ్మువారు మనలను సంతోషపెట్టుదురు. కాని ఈ లెక్కలో, ఒకదాని చెడుటకును రెండవదాని చెడుటకును సంబంధము లేదను నొక మాట నోరెత్తక కూర్చున్నది. ఆ మాట నిజము కానపుడు ఇరువదియేడేండ్లు ఒక్క క్షణమున కరగిపోవును.

1996వ సంవత్సరము జూన్ 4వ తేదీని ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు మొదటిసారి లేచినపుడు అట్లే జరిగినది. దిక్కును తెలుపు కంప్యూటరులు అందు రెండుండెను. ఒకటి పనిలో, ఒకటి వేడి తోడుగ. రెండింటిలోను పాత ఏరియన్ 4నుండి తెచ్చిన ఒకే ప్రోగ్రాము కలదు. క్రొత్త రాకెట్టు పాతదానికంటె వేగముగ ప్రక్కకు సాగుటచేత ఒక సంఖ్య తనకేర్పఱచిన గడులలో పట్టక పొంగిపోయినది. మొదట తోడు కంప్యూటరు పడిపోయినది. సెకండులో పదవ వంతైనను గడవకముందే అదే కారణముచేత అసలుది పడిపోయినది. ఎగిరిన నలుబది సెకండ్లలోపల రాకెట్టు ముక్కలైనది. చిత్రమేమన, ఆ లెక్క నేల విడిచిన పిమ్మట ఎందుకును పనికివచ్చునది కాదు. తోడు తప్పిపోలేదు, తోడు తన తోబుట్టువువలెనే ప్రవర్తించినది.

మన చెంతనే యిట్టి యుదాహరణము కలదు. 2013వ సంవత్సరము జూలై 1వ తేదీ రాత్రి శ్రీహరికోటనుండి ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ అను ఉపగ్రహమును పంపిరి. దారి చూపు ఉపగ్రహములలో మన దేశమునకు అది మొదటిది. అట్టి ఉపగ్రహమునకు ప్రాణము గడియారము. కాలము తప్పినచో దూరము తప్పును. అందుచేత దానిలో రుబిడియము గడియారములు మూడు పెట్టిరి. ఒకటి చాలియుండగ మూడు! అవి మూడును ఒకే రకమువి. మూడును చెడిపోయినవని 2017వ సంవత్సరారంభమున లోకమునకు తెలిసినది. దానికి బదులుగ 2017 ఆగస్టు 31వ తేదీని మఱియొక ఉపగ్రహమును పంపిరి. రాకెట్టు అంచెలన్నియు చక్కగ పనిచేసినవి గాని ఉపగ్రహమును కప్పియుండిన ఉష్ణకవచము మాత్రము ఊడలేదు. లోపలి ఉపగ్రహము గవ్వలోని పురుగువలె చిక్కుకొనిపోయినది. కవచమునకు తోడుండుట కుదరదు, అది ఊడితీరవలయును. తోడు లేక, తాను చెడిన అంతయు చెడు ఇట్టి స్థానమును సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అందురు. ఒంటిస్తంభమన్నచో మన వారికి కన్నులకు కట్టును. 2018 ఏప్రిల్ 12వ తేదీని పంపిన ఉపగ్రహముతో ఆ కొఱత తీరినది.

ఈ పెద్ద సంగతులు చెప్పిన పిమ్మట నాకు జరిగిన యొక చిన్న సంగతి చెప్పుట న్యాయము. కొన్నియేండ్ల క్రిందట నేనొక కార్యాలయమున కొలదికాలము పనిచేసితిని. పాత విద్యార్థుల జాబితాలు అచ్చటి సర్వరులో నుండెడివి. దానిలో డిస్కులు రెండు. ఒకదానిపై వ్రాసినదెల్ల అద్దములో ప్రతిబింబమువలె రెండవదానిపైనను పడుచుండెను. దీనిని మిరరింగు అందురు. చవుక డిస్కులను పెక్కింటిని కూర్చి నమ్మకము సాధించు రెయిడ్ పద్ధతులను 1988వ సంవత్సరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు వివరించినపుడు మొదటి తరగతిగ దీనినే యుంచిరి. ఒకనాడు ఆ పెట్టెనుండి కీచుమని శబ్దము వచ్చుచుండెను. పని చేసికొనుచున్నవారికి తల నొప్పి కలుగుచుండెను. జాబితాలు మాత్రము ఎప్పటివలెనే తెఱచుకొనుచుండెను. శబ్దమును నిలుపు మీట ఎచ్చట నున్నదో వెదకి నిలిపినది నేనే. అందఱును సంతోషించిరి. ముందుభాగమున నారింజవన్నె దీపమొకటి వెలుగుచునే యుండెను. దాని యెదుట ఎవరో క్యాలెండరు నానించిరి.

ఎనిమిది నెలలు గడచినవి. రెండవ డిస్కు గూడ పోయినది. అప్పుడు గదా తెలిసినది, ఆ కీచుశబ్దము మొదటి డిస్కు మరణవార్త యని! నాకు పైన చెప్పిన ఇరువదియేడేండ్ల లెక్క బాగుగ వచ్చును. చెడినదానిని వెంటనే మార్చినపుడే ఆ లెక్క చెల్లునని మాత్రము తోచలేదు. మార్చనిచో రెండు డిస్కుల సర్వరు కాదది, ఒంటిస్తంభపు మేడ. లోపము దాగినకొలదియు లోపసహనము లోపమును పోషించును. కాగితపు రిజిస్టరులనుండి జాబితాలను మరల ఎక్కించుటకు నెలలు పట్టినది. కొన్ని రిజిస్టరులను చెదలు తినియుండెను. కుమారుని ధ్రువపత్రముకొఱకు రెండుమాఱులు బస్సులో వచ్చిన యొక తల్లి, మేము చెప్పినదంతయు విని, “ఏమయ్యా, మిషను మర్చిపోతే మీరన్నా గుర్తు పెట్టుకోవద్దా?” అనెను. ఆమెకు సమాధానము చెప్పుటకు నాకు నోరు రాలేదు.

బ్యాకప్ లేదా యని మీరడుగుదురు. అద్దమున్నది గదా యని ఎవ్వరును తీయలేదు. ఇచ్చట రెండు మాటలను కలిపివేసితిమి. అద్దము వేఱు, ప్రతి వేఱు. ఒక పేరును పొరపాటున తుడిచివేసినచో అద్దములోను తత్‌క్షణమే చెరిగిపోవును. ప్రతి యనగా నిన్నటి రూపును వేఱొక చోట, వీలైన వేఱొక కట్టడమున, దాచియుంచుట. తుపానులు వచ్చు మన తీరమున రెండును ఒకే గదిలో నుండుట మంచిది కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. దాచిన ప్రతిని అప్పుడప్పుడు తెఱచి చదివి చూడవలయును. చదివిచూడని ప్రతి ఉన్నదో లేదో దేవునికే తెలియును.

యంత్రములోని తోళ్లు, అద్దములు, కవచములు ఒక ఎత్తు. వాని యోగక్షేమములు కనిపెట్టుట మఱియొక ఎత్తు. ఈ రెండవదానికి సిస్టం మేనేజిమెంటు అని పేరు. వ్యవస్థా పర్యవేక్షణ మనవచ్చును. మంచి సర్వరులో అసలు యంత్రము ఆపివేయబడియున్నను మేలుకొనియుండు నొక చిన్న కంప్యూటరు ప్రత్యేకముగ నుండును. ఇంట అందఱును నిద్రించినపుడు మేలుకొనియుండు ముసలమ్మవంటి దిది. లోపలి వేడిమి, పంకాల వేగము, విద్యుత్తు స్థితి మొదలగువానిని అది కనిపెట్టుచు, జరిగిన ప్రతిదానిని కాలముతో సహా లాగ్ అను దినచర్యలో వ్రాసికొనుచు, హద్దు దాటినపుడు దూరముననున్న మనుష్యునికి కబురంపును. హద్దు నెచ్చట పెట్టవలయుననుటయే కష్టము. మిక్కిలి తక్కువగ పెట్టినచో దినమునకు నూఱు హెచ్చరికలు వచ్చును. అపుడు ‘నాన్నా, పులి’ కథలోని తండ్రివలె మనుష్యుడు చెవులు మూసికొనును. మిక్కిలి ఎక్కువగ పెట్టినచో పులి వచ్చిపోయిన పిమ్మట కబురు వచ్చును.

హెచ్చరికను త్రోసిపుచ్చుట నావంటివారికే జరుగునదని తలపకుడు. 1979వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీని శ్రీహరికోటలో ఎస్ఎల్వీ-3 రాకెట్టు మొదటి ప్రయోగమునకు అబ్దుల్ కలాం గారు నాయకులు. లెక్క చివరకు వచ్చినపుడు కంప్యూటరు ఆగుమన్నది. నియంత్రణ వ్యవస్థలో ద్రవము కారుచున్నట్లు కనబడినది. నిలువ చాలినంత యున్నది, భయము లేదని నిపుణులు చెప్పగా, కలాం గారు కంప్యూటరును ప్రక్కకు తొలగించి ప్రయోగింపజేసిరి. ఈ సంగతిని వారే తరువాతి కాలమున పలుమాఱులు దాచక చెప్పిరి. మొదటి అంచె చక్కగ పనిచేసినది. రెండవ అంచె అదుపు తప్పినది. 317 సెకండ్లలో వాహనము బంగాళాఖాతమున పడినది. అధ్యక్షులు సతీష్ ధవన్ గారు పత్రికలవారి యెదుటికి తాము వచ్చి ఆ భారమును తమపై వేసికొనిరి. మఱుసటి యేడు 1980 జూలై 18వ తేదీని అదే రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినపుడు మాత్రము పత్రికలవారితో మాటాడుమని కలాం గారిని ముందుకు పంపిరి. నేడు ఆ కేంద్రమునకు ధవన్ గారి పేరే కలదు. నలువది నాలుగేండ్ల పిమ్మట, నేను మొదట చెప్పిన ఉదయమున, అదే ద్వీపమున కంప్యూటరు ఆగుమన్నపుడు ఎవ్వరును దానిని తొలగింపలేదు. కారణము తెలియువఱకు అందఱును ఆగిరి.

సర్వరు ఏడాదిలో ఎంతకాలము పనిచేయునో శాతములలో చెప్పుట అమ్మువారి ఆచారము. 99.9 శాతమన్న మాట వినుటకు ఇంపుగ నుండును గాని, ఏడాదికి దాదాపు 8 గంటల 46 నిమిషములు ఆగవచ్చునని దాని యర్థము. 99.999 శాతమన్నచో 5 నిమిషముల 15 సెకండ్లు. కొనువారు శాతము నడుగక నిమిషముల నడుగుట మేలు. ఆ నిమిషములు పరీక్షాఫలితముల దినమున వచ్చునా, వేసవి సెలవులలో వచ్చునా యనుట ఏ శాతమును చెప్పదు.

ఆ కార్యాలయమును విడుచుటకు ముందు నేను చేసినది ఒక చిన్న పని. రూళ్ల నోటుపుస్తకమొకటి కొని సర్వరు ప్రక్కన దారముతో కట్టితిని. ప్రతి ఉదయమున తలుపు తెఱచువారు దీపముల రంగును చూచి తేదీతో వ్రాసి సంతకము చేయవలయునని అధికారిని ఒప్పించితిని. ముందున్న క్యాలెండరును తీసి గోడకు తగిలించితిమి. రెండేండ్లకు ఆ వైపు పోయినపుడు పుస్తకము తిరగవేసి చూచితిని. పుట వెంట పుట ‘ఆకుపచ్చ, ఆకుపచ్చ’ అని యుండెను. ఒక సోమవారమున మాత్రము వంకర యక్షరములతో ‘నారింజ’ అని యుండెను. దాని క్రిందనే అదే చేతివ్రాతతో, ‘డిస్కు మార్చినారు, పదకొండు గంటలకు’ అని యుండెను. ఆనాడు ధ్రువపత్రములకై వరుసలో నిలిచినవారి కెవ్వరికిని ఆ సంగతి తెలియలేదట.